పాసింజర్ రైళ్ళలో ఒసాకా దాకా

టోక్యో నుంచి ఒసాకాకి నోజోమి బుల్లెట్ రైల్లో రెండున్నర గంటలు, మామూలు రోజుల్లో రిజర్వుడు సీటు 14,720 యెన్లు. నేను మాత్రం తెల్లారకముందే బయల్దేరి సాయంత్రానికి చేరా, రైలు దిగి రైలు ఎక్కుతూ, సేషున్ 18 టికెట్ మీద. ఇక్కడ జపాన్‌లో ఉండే మనవాళ్ళలో చాలామందికి ఇది తెలిసే ఉంటుంది, 1982 నుంచి ఉన్న టికెట్, వసంతం, వేసవి, చలికాలం సెలవుల్లో అమ్ముతారు, దేశం మొత్తం జేఆర్ (జపాన్ రైల్వేస్) వాళ్ళ లోకల్, రాపిడ్ రైళ్ళు ఎన్నైనా ఎక్కొచ్చు, షింకాన్‌సెన్ అంటే బుల్లెట్ రైళ్ళు కుదరవు. పేరులో 18 ఉంది గానీ వయసుతో పనిలేదు, ఎవరైనా కొనుక్కోవచ్చు.

నా బాధ ఏంటంటే దాని రూలు మార్చేశారు. ఇంతకుముందు 12,050 యెన్లకి ఐదు రోజులు, వరసగా వాడాలనేం లేదు, ఈ శనివారం ఒకటి, రెండు వారాలాగి ఇంకోటి, లేదా ఐదుగురు స్నేహితులు కలిసి ఒకే రోజు ఒకే టికెట్ మీద వెళ్ళొచ్చేవాళ్ళు, స్టేషన్లో ముద్రలు వేయించుకుంటే అయిపోయేది. 2024 చలికాలం నుంచి వరసరోజులే, ఒక్క మనిషే. మూడు రోజులది 10,000, ఐదు రోజులది అదే 12,050. ఆటోమేటిక్ గేటులో పెట్టుకుని వెళ్ళిపోవచ్చు, అది మంచిదే, కాదనను. కానీ ఉద్యోగం చేసుకునేవాళ్ళకి వరసగా ఐదు రోజులు ఎక్కడ దొరుకుతాయి? అందులోనూ మార్చి అంటే ఆఫీసుల్లో ఆర్థిక సంవత్సరం ఆఖరు. 2025లో మార్చి 20 గురువారం సెలవొచ్చింది కాబట్టి శుక్రవారం ఒక్కటి లీవు అడిగి మూడు రోజులు కలుపుకున్నా. మా ఆవిడ రానంది. పాత పద్ధతిలో అయితే ఒక్క టికెట్‌తో ఇద్దరం వెళ్ళొచ్చేవాళ్ళం, ఇప్పుడు ఇద్దరికీ ఇరవై వేలు, ఐదు కిలోల బియ్యం 4 వేలు దాటిన రోజుల్లో అంత ఎందుకులే అంది, నేను ఏమీ అనలేకపోయా.

నిషి కసాయి నుంచి మొదటి తోజాయ్ లైన్ మెట్రో బండి పట్టుకుని ఓతెమాచిలో దిగి, నడిచి టోక్యో స్టేషన్‌కి, అక్కడ్నుంచి అతామి బండి. నెబుకావా దగ్గర ఎడమ పక్కన సముద్రం ఒక్కసారిగా కిందెక్కడో కనిపిస్తుంది, సూర్యుడు అప్పటికే నీళ్ళ మీదికొచ్చేశాడు, డబ్బాలో సగం మంది నిద్రలో ఉన్నారు. అతామిలో అసలు కథ మొదలవుతుంది. పొడుగాటి రైల్లోంచి దిగిన జనమంతా అవతల నుంచున్న చిన్న రైల్లోకి ఎక్కాలి. సెలవురోజు కదా, పెట్టెలు, వీపు సంచులు, చిన్నపిల్లలు, ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండానే ఎలా నిండిపోయిందో నిండిపోయింది.

షిజువోకా మీదుగా వెళ్ళే ఆ బండ్లలో ఎక్కువగా పొడుగు బెంచీ సీట్లే ఉంటాయి, కిటికీకి వీపు పెట్టి కూర్చోవాలి. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొక్కటే, సముద్రం వైపు బెంచీ పట్టుకోండి. అప్పుడు ఎదుటి కిటికీలో ఫుజి కొండ కనిపిస్తుంది. ముందురోజు టోక్యోలో ఉరుములతో మంచు పడింది, మర్నాడు ఆకాశం కడిగినట్టుంది, నుమాజు దాటాక యోషివారా వచ్చేదాకా ఇళ్ళ కప్పుల మీద, ఫ్యాక్టరీ పొగగొట్టాల వెనకాల, ఆ తెల్లటి కొండ మాతోపాటే వచ్చింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి మా అందరి మొహాలు చూసి వెనక్కి తిరిగింది, తర్వాత ఆ వరస మొత్తం తిరిగింది. ఆ తర్వాత యుయి దగ్గర కొండ ఇటు, సముద్రం అటు, మధ్యలో ఉన్న కాస్త చోటులోనే రైలు పట్టాలు, హైవే, ఎక్స్‌ప్రెస్ రోడ్డు మూడూ ఒరుసుకుంటూ పోతాయి.

అంత జనంలో మాట మాత్రం లేదు. మా తెనాలి విజయవాడ పాసింజర్‌లో అయితే దుగ్గిరాల వచ్చేలోపే పక్కవాళ్ళు మన ఊరు, జీతం, పిల్లలెంతమంది అన్నీ అడిగేసేవాళ్ళు, పల్లీల పొట్లం కూడా చేతిలో పెట్టేవాళ్ళు. ఇక్కడ ఇన్నేళ్ళున్నా నాకు ఆ లోటు తీరలేదు. అందుకే షిజువోకాలో ఎక్కి పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలో టికెట్ చూసి "మీదీ ఇదేనా, ఎందాకా వెళ్తున్నారు?" అని అడిగితే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆయన ఒళ్ళో ఇటుకంత లావు టైంటేబుల్ పుస్తకం. ఫోన్లో అన్నీ వచ్చేస్తున్న కాలంలో ఆయన ఎర్ర పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని, పేజీ మూలలు మడిచి, వేలు పెట్టి ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో చెబుతుంటే వింటూ కూర్చున్నా. బయట కనాయా, కికుగావా తేయాకు తోటలు పోతూ ఉన్నాయి. టికెట్ మార్పు సంగతి నేను ఎత్తకముందే ఆయనే ఎత్తారు. "నేనూ మా ఆవిడా రెండు రోజులు తిరిగితే నాలుగు ముద్రలు, ఐదోది మనవడికి ఇచ్చేవాళ్ళం. వాడు ఒక్కడే రైలెక్కడం దాంతోనే నేర్చుకున్నాడు" అన్నారు. ఇంతకంటే గట్టి వాదన రైల్వేవాళ్ళకి ఎవరు చెప్పగలరు? ఇంట్లో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్ళే టికెట్ అది. హమామత్సు ప్లాట్‌ఫారం బెంచీ మీద పులిహోర డబ్బా తెరిచి ఆయనకీ కొంచెం పెట్టా, చింతపండు పులుపుకి కళ్ళు చిట్లించి, ఇంకొంచెం పెట్టమన్నారు.

తొయొహాషి నుంచి రాపిడ్, మెత్తటి సీట్లు, నగోయా ఎప్పుడొచ్చిందో కూడా తెలీలేదు. ఓగాకి ముందు పెద్దాయన నన్ను లేపి, మెట్లకి దగ్గరుండే తలుపు ఫలానా అని అక్కడికి తీసుకెళ్ళి నుంచోబెట్టారు. తలుపు తెరుచుకోగానే పరుగు! జపాన్ వాళ్ళు అలా పరిగెత్తడం ఇంకెక్కడా చూడలేదు, అందరూ మైబారా బండిలో సీటు కోసమే, మెట్లెక్కి వంతెన దాటి మళ్ళీ దిగాలి. నాకు సీటు దొరికింది. బండి కదిలే ముందు ఆయన నింపాదిగా నడుచుకుంటూ వచ్చారు, నేను లేచి ఆయన్ని కూర్చోమన్నా, వద్దని చెయ్యూపి నేరుగా ముందుకెళ్ళి డ్రైవర్ వెనక అద్దం దగ్గర నుంచున్నారు. సెకిగహారా ఎక్కుడు మొదలయ్యాక నేనూ సీటు వదిలేసి ఆయన పక్కకి వెళ్ళా. 1600లో పెద్ద యుద్ధం జరిగిన చోటు అది, పట్టాలు కొండల మధ్య వంపులు తిరుగుతూ మన మీదికే వస్తున్నట్టుంటాయి. అప్పటిదాకా అన్నీ చెప్పుకుంటూ వచ్చిన మనిషి అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు.

మైబారాలో ఆయన ఇంకో వైపు బండి ఎక్కేశారు. ఒసాకా గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన ఆ ఏప్రిల్ 13న మొదలవబోతోందని ఊరంతా దాని గుర్తయిన ఎర్ర నీలం బొమ్మలు, హోటల్ రేట్లు మండిపోతుండేవి, ఉడాన్ పులుసులో కూడా చేప ఉంటుంది కాబట్టి నాలాంటి శాకాహారికి రెండు పూటలా ఇండియన్ హోటలే గతి. శనివారం తిరుగు ప్రయాణం మాత్రం పెద్దాయన చెప్పిన చూవో లైన్లో చేశా, నకత్సుగావా, షియోజిరి, కోఫు, తకావో. కిసో లోయ పొడుగునా నది పట్టాల పక్కనే వస్తుంది, ఫుజి రోజు కంటే ఆ దారే నాకు ఎక్కువ నచ్చింది.

వేసవి టికెట్లు అమ్మకానికి రాగానే మా ఆవిడకీ ఒకటి కొంటా, ఇరవై వేలైనా సరే, కిసో తనకి చూపించాలి. పాత పద్ధతి మళ్ళీ పెట్టమని రైల్వేవాళ్ళకి ఉత్తరం కూడా రాస్తున్నా, మనవడి సంగతి అందులో మొదటి వాక్యం.