ఫ్యాన్ ఆపిన నాలుగు నిమిషాలు

ఆదివారం. ఎండ మండిపోతోంది. పద్మారావు నగర్‌లో పొద్దున తొమ్మిదింటికే వీధి ఖాళీ.

టిఫిన్లు అయ్యాక గోంగూర కట్టలు విప్పి ఆకు తుంచుతుంటే చిన్ని వచ్చి పక్కన కూర్చుంది. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఇంటికి ఎవరొచ్చినా ఎంపీసీయా, బైపీసీయా అనే అడుగుతున్నారు. అందుకే నాలుగు రోజులుగా గది దాటి బయటికి రావడం లేదు. తనంతట తాను వచ్చి కూర్చుందంటే ఏదో అడుగుతుందని అర్థమైంది.

"అమ్మా, మధ్యాహ్నం రెండింటికి ఒక నాలుగు నిమిషాలు ఇంట్లో చప్పుడు లేకుండా చూస్తావా? ఫ్యాన్లు ఆపాలి, ఫ్రిజ్ కూడా. కుక్కర్ పెట్టొద్దు."

తనే రాసుకున్న పాట ఒకటి రికార్డ్ చేస్తుందట. స్టూడియో అక్కర్లేదట, గది చాలట. "బిల్లీ ఐలిష్ అలాగే చేసింది" అంది.

ఆ అమెరికా గాయని పేరు మా ఇంట్లో ఏడాదిగా వింటున్నాను. చిన్ని బీరువా తలుపుకి లోపలివైపు ఫొటో కూడా ఉంది, కుదుళ్ళ దగ్గర పచ్చరంగు వేసుకున్న జుట్టుతో. ఆ వేషం చూసి ఏదో అరిచి పాడే పిల్ల అనుకున్నాను. ఎప్పుడూ చెవిపెట్టి వినలేదు. ఈరోజు ఆకు తుంచడం అయ్యేదాకా చిన్ని ఆ అమ్మాయి కథంతా చెప్పింది. నేను విన్నాను.

2001 డిసెంబరులో లాస్ ఏంజెలిస్‌లో పుట్టింది. అమ్మానాన్న ఇద్దరూ నటులే కానీ పెద్ద పేరున్నవాళ్ళు కాదు. పిల్లల్ని బడికి పంపలేదు, ఇంట్లోనే చదివించారు. వాళ్ళమ్మ పిల్లలకు పాటలు రాయడం నేర్పేది. ఎనిమిదేళ్ళకే ఆ ఊరి పిల్లల బృందగానంలో చేరింది కానీ, ఆ పిల్లకు డాన్సంటే ప్రాణమట. 2015లో డాన్స్ మాస్టారు, నువ్వే ఒక పాట పాడి తీసుకురా, దానికి స్టెప్పులు కట్టిస్తానన్నారు. అన్న ఫినియాస్ తన బ్యాండ్ కోసం రాసుకున్న 'ఓషన్ ఐస్' చెల్లెలి గొంతుకి బాగుంటుందనుకున్నాడు. అతని గదిలోనే రికార్డ్ చేశారు. మాస్టారు డౌన్‌లోడ్ చేసుకుంటారని, పాటలు పెట్టుకునే సౌండ్‌క్లౌడ్ అనే వెబ్‌సైట్లో పెట్టారు, అంతే. అది ఎక్కడెక్కడికో పాకిపోయింది. అప్పటికి ఆ పిల్లకి ఇంకా పద్నాలుగు నిండలేదు.

"మరి డాన్స్?" అన్నాను.

తుంటి దగ్గర ఎదిగే వయసు ఎముకకి దెబ్బ తగిలి డాన్స్ ఆగిపోయిందట. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు చిన్ని గొంతు తగ్గించింది, తన స్నేహితురాలికే జరిగినట్టు.

ఆ తర్వాత జరిగినవి లోకమంతా తెలిసినవే. 2019లో మొదటి పూర్తి ఆల్బమ్. మరుసటి ఏడాది జనవరిలో, పద్దెనిమిదేళ్ళకే, అమెరికాలో సంగీతానికిచ్చే గ్రామీల్లో ముఖ్యమైన నాలుగు అవార్డులూ ఒకే రాత్రి తీసుకుంది. అంతకు ముందు అలా తీసుకున్నది 1981లో క్రిస్టఫర్ క్రాస్ ఒక్కడే. ఇరవై రెండేళ్ళకల్లా రెండు ఆస్కార్లు. చిన్ని వీటిని గబగబా చెప్పేసింది. చిన్నికి కావాల్సింది అవార్డులు కాదు, గది. ఆ ఆల్బమ్ కూడా అన్న పడకగదిలోనే తయారైందని మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. పళ్ళు సరిచేసుకోవడానికి పెట్టుకునే తొడుగు నోట్లోంచి తీసే చప్పుడుతో ఆ ఆల్బమ్ మొదలవుతుంది. 'బ్యాడ్ గై' పాటలో సిడ్నీలో రోడ్డు దాటే చోట సిగ్నల్ చేసే టకటక ఉందట, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వచ్చి తాళంలో కలిపేసిందట. మొన్న ఇడ్లీపిండి రుబ్బుతుంటే చిన్ని గ్రైండర్ పక్కన ఫోన్ పట్టుకుని ఎందుకు నిలబడిందో ఇప్పుడు అర్థమైంది.

వంటయ్యాక ఇయర్‌ఫోన్స్ తీసుకుని 'ఓషన్ ఐస్' విన్నాను. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నాను. పక్కనుంచి అత్తయ్యగారు కూడా ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని, "పాడుతోందా, చెవిలో రహస్యం చెబుతోందా?" అన్నారు.

నిజంగా అలాగే ఉంది. నేను ఐదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. గొంతు విప్పి, నాభి నుంచి పాడమనేవారు మా టీచరు. గట్టిగా పాడేటప్పుడు చిన్న చిన్న లోపాలు ఆ ఊపులో కొట్టుకుపోతాయి. ఇంత మెల్లగా పాడితే శ్రుతి వెంట్రుకంత జారినా తెలిసిపోతుంది, ఊపిరి చాలకపోతే ఇంకా ముందే తెలిసిపోతుంది. ఆ పిల్ల ఎక్కడా జారలేదు. పదమూడేళ్ళకి అది వట్టినే రాదు. చిన్నప్పుడు బృందగానంలో కూర్చోబెట్టి చేయించిన సాధన ఉంది దాని వెనక. చిన్నికి ఈ మాట తప్పకుండా చెప్పాలి. గది ఒక్కటే చాలదు.

నా సంగతి కూడా రాస్తాను. ఎప్పుడూ రాయలేదు.

చిన్నప్పుడు మేం వారాసిగూడలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. పొద్దున ఐదున్నరకి నా సాధన. ఇల్లుగలాయన రెండుసార్లు ఊరుకుని, మూడోసారి నాన్నని పిలిచి గోల భరించలేకపోతున్నామన్నాడు. నాన్న నన్ను తిట్టలేదు. "కాస్త మెల్లగా పాడుకో తల్లీ" అన్నారు, అంతే. నేను మెల్లగా పాడాను. ఇంకా మెల్లగా పాడాను. ఎనిమిదో తరగతి సెలవుల్లో మానేశాను. మెల్లగా పాడమంటే పాడొద్దనే అర్థం చేసుకున్నాను ఇన్నేళ్ళూ. ఈరోజు ఆ పిల్ల గొంతు వింటుంటే గుండె బరువెక్కింది. మెల్లగా పాడటం కూడా పాటేనని అప్పుడు నాకు చెప్పినవాళ్ళు లేరు.

రెండింటికి రికార్డింగ్. కిటికీకి బొంతలు రెండు వేలాడదీసి, బీరువా తలుపులు తెరిచి, బట్టల మధ్యలోకి మొహం పెట్టి కూర్చుంది. ఆయన ఫ్రిజ్ స్విచ్ ఆపి వచ్చారు. ఫ్యాన్లు ఆగాయి. హాల్లో ముగ్గురం కూర్చున్నాం. ఆ ఎండకి నిమిషంలో వీపు మీద చెమట కారడం తెలిసింది. కింద పుచ్చకాయల బండి మైకు అరుచుకుంటూ వెళ్ళేదాకా ఆగి, "ఇప్పుడు" అని లోపలి నుంచి అరిచింది.

తలుపు ఇవతలికి మాటలు రాలేదు. గొంతు మాత్రం సన్నగా, పోతూ వస్తూ వినబడింది. అత్తయ్యగారి వైపు చూశాను. కుడిచేత్తో ఎడమచేతి గాజులన్నీ కలిపి గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, గలగలమనకుండా. కదల్లేదు, విసనకర్ర పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. మనవరాలు సంగీతం నేర్చుకుంటానంటే చదువు పాడవుతుందని మూడేళ్ళ క్రితం వద్దన్నది ఆవిడే.

మూడుసార్లు పాడింది. రెండోది బాగా వచ్చింది కానీ చరణం మధ్యలో కిటికీ గూట్లోంచి పావురం గురగురమంది. హైదరాబాదులో పావురాల్ని ఎవరు ఆపగలరు! మూడోసారికి అలిసిపోయి గొంతు కిందికి జారింది. చివరికి పావురం ఉన్నదే ఉంచుకుంది.

రాత్రి అన్నాలప్పుడు, ఆ బిల్లీ వాళ్ళది రెండు పడకగదుల చిన్న ఇల్లేనని, పిల్లలిద్దరికీ చెరో గది ఇచ్చేసి అమ్మానాన్న హాల్లో పడుకునేవాళ్ళని చిన్ని చెప్పింది. మామూలుగానే చెప్పింది, ఏమీ అడగలేదు. మాదీ రెండు గదుల ఇల్లే. చిన్ని, అత్తయ్యగారు ఒక గదిలో ఉంటారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను హాల్లో పడుకుంటానని అత్తయ్యగారు అన్నారు. మోకాళ్ళ నొప్పులతో మీరెలా పడుకుంటారు, వద్దన్నాను. ఏమీ తేలలేదు. ఇది రాస్తుంటే ఆయన హాల్లో గోడకీ సోఫాకీ మధ్య జానలతో కొలుస్తున్నారు.

పడుకోబోతూ అత్తయ్యగారు నా దగ్గరికి వచ్చారు.

"రేపు కూడా ఉందిటగా. పాత చీర మెత్తటి ముక్కేదైనా ఉంటే చూడమ్మా, గాజులకి చుట్టుకుంటాను."