మా గుడి గంట ఐదొందల సార్లు మోగిన సాయంత్రం

అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే నా కుడి అరచెయ్యి ఒకసారి చూసుకుంటాను. 2017 అక్టోబరు 31న తాడు రాపిడికి అక్కడ చర్మం లేచిపోయింది. ఇప్పుడు మచ్చ కూడా లేదు, అయినా చూసుకుంటాను.

1517లో అదే తారీఖున జర్మనీలోని విట్టెన్‌బర్గులో మార్టిన్ లూథరు అనే క్రైస్తవ సన్యాసి అప్పటి చర్చి తీరుని ప్రశ్నిస్తూ తన 95 వాదాలు బయటపెట్టాడు. ఐదొందల ఏళ్ళు నిండాయని ఆయన బాట పట్టిన లూథరన్ క్రైస్తవ సంఘాలు పండగ చేసుకున్నాయి. గోదావరి పాయ వశిష్ఠ గట్టు పక్కనున్న మా ఊరి సంఘం ఐదొందల గంటలు కొడదామనుకుంది. గంట మోసే టేకు దూలం చెదపట్టి ఒరిగిపోయి ఉంది. దెబ్బకి వంద చొప్పున చందా వస్తే యాభై వేలు. ఇనప దూలం పెట్టించొచ్చు.

కూటంలో మా నాన్న లేచాడు. నలభై ఏళ్ళు ఆ గంట కొట్టిన మనిషి. "డబ్బు కడితే పాపం పోద్దని చీటీలమ్మబట్టే కదండీ లూథరు గారు తిరగబడింది. ఆయన పేరు చెప్పి మనం గంట దెబ్బ అమ్ముదామా?" అన్నాడు. ఎవరూ నోరెత్తలేదు. ఆ చీటీల డబ్బులో కొంత రోములో సెయింట్ పీటర్స్ గుడి కట్టడానికి పోయిందని మా పాస్టరు అయ్యగారు మాకు ఎన్నిసార్లో చెప్పారు. మా గుడి దూలం దగ్గరికొచ్చేసరికి ఒక్కరికీ గుర్తు రాలేదు!

చివరికి చందా పెట్టెలోనే వెయ్యాలని, పేర్లు చదవకూడదని, ఎవరెంతిచ్చారో రాయకూడదని తేల్చారు. ఇవ్వలేనివాళ్ళూ వచ్చి తాడు పట్టుకోవచ్చు. మా సంఘం చేసిన తీర్మానాల్లో నాకు బాగా ఇష్టమైంది అదే.

దూలానికి పోటు పెట్టడానికి ఊళ్ళో రైతుగారొకాయన సరుగుడు బాదులు పంపారు. ఆయన మా సంఘం కాదు. 1986 ఆగస్టు వరదలో గట్టు జారుతోందని నాన్న రాత్రంతా గంట కొడితే, వాళ్ళింటిల్లిపాదీ లేచి డాబా ఎక్కారట.

గంట ఊపితే దూలం ఆగదు. అందుకని గంట లోపల వేలాడే నాలుకకే తాడు కట్టాం. కంచు గంటకి అది ప్రమాదమే. "లాగిన వెంటనే వదిలెయ్యాలమ్మాయ్. నాలుక ఆనుకునుంటే మోత చచ్చిపోద్ది, గంట పగులుద్ది" అని నాన్న నాతో పదిసార్లు ఉత్తి తాడు లాగించాడు. ఆరు సెకన్లకొకటి, మొత్తం యాభై నిమిషాలు. లెక్క అమ్మది. గిన్నెలో ఐదొందల చింతపిక్కలు పోసుకుని, దెబ్బకొకటి చేటలోకి జార్చింది.

మా గుళ్ళో ఆడవాళ్ళు తాడు పట్టుకోవడం అదే మొదలు. నా వంతులో మొదటి ఇరవై గబగబా కొట్టేశాను. "మోత దిగనీ అమ్మాయ్" అని కింద నుంచి నాన్న. అప్పుడు విన్నాను. ముందు గుండెల్లో గుద్దినట్టు ఒక హోరు, తర్వాత సన్నగా జుమ్మని, తేనెటీగ దూరంగా పోతున్నట్టు. అది పండుతున్న సార్వా చేల మీదుగా పోయి ఆగేదాకా వింటూ, ఆగాక మళ్ళీ లాగాను. అరచెయ్యి మండుతున్న సంగతి దిగాకే తెలిసింది.

పెట్టెలో నలభై మూడు వేల చిల్లర వచ్చింది. అందులో జాకెట్టు గుడ్డలో ముడేసిన పది రూపాయల బిళ్ళలు పదకొండు. ఎవరివో మేం అడగలేదు. వెల్డింగు కుర్రాడు కూలి వద్దన్నాడు, పని అయిపోయింది.

ఇనప దూలం ఎక్కాక గంట గొంతు కొంచెం మారిందంటాడు నాన్న. మాకెవరికీ ఆ తేడా తెలీదు. ఇప్పుడు మంచం దిగలేడు. ఆదివారం మొదటి గంటకి కళ్ళు మూసుకుని వింటాడు. "ఎవడో కొత్త కుర్రాడే, నాలుక ఆన్చేస్తన్నాడు. వెళ్ళి చెప్పిరా" అంటాడు. నేను చెప్పులేసుకుని వెళ్తాను.