మైనస్ 20కి ముందు

ఆదివారం, నల్లగొండ

పొద్దున ఆరింటికి పానగల్లు ఉదయసముద్రం కట్ట మీదికి పోయాను. నీళ్ల మీద మంచు పొగలా లేస్తోంది. ఫోన్‌లో 14 డిగ్రీలు. చాయ్ బండి దగ్గర మఫ్లర్లు చుట్టుకున్నవాళ్లంతా చలి గురించే మాట్లాడుతున్నారు. నాకూ వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇంకో పన్నెండు రోజులకు లద్దాఖ్‌లో మైనస్ 20లో కెమెరా పట్టుకుని నిలబడాలి.

పోయిన జనవరిలో పాంగాంగ్ దగ్గర జరిగింది ఇంకా మనసులో ఉంది. గడ్డకట్టిన సరస్సును సాయంత్రం దాకా తీసి, బుఖారీ (గది వెచ్చబరిచే పొయ్యి) మండుతున్న గదిలోకి వచ్చీరాగానే ఫొటోలు చూద్దామని బ్యాగ్ తెరిచాను. రెండు నిమిషాల్లో కెమెరాకు చెమటలు పట్టాయి. తుడుద్దామని లెన్స్ ఊడదీశాను. తేమ లోపలికీ పోయింది. మర్నాడు పొద్దున ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాలేదు.

ఇది నాకు తెలియని సంగతి కాదు. వానాకాలం పెళ్లిళ్లలో ఏసీ హాల్లోంచి బారాత్ కోసం బయటికి రాగానే లెన్స్ మసకబారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకు నీటి బొట్లు పట్టినట్టే. పదిహేనేళ్లుగా చూస్తున్నదే అక్కడ గుర్తు రాలేదు. ఏడాదిగా నన్ను బాధపెడుతున్నది అదే. చలి కెమెరాను అంతగా చెడగొట్టదు. చలిలోంచి వెచ్చటి గదిలోకి తేవడమే గండం.

అందుకే ఇవాళ పాత కెమెరాను రెండు జిప్ కవర్లలో పెట్టి, గాలంతా వత్తేసి, ఫ్రీజర్‌లో ఉంచాను. "అదేందిరా, మాంసం పెట్టే కాడ కెమెరా పెట్టినవ్?" అంది అమ్మ. రెండు గంటల తర్వాత తీస్తే కవర్ మీద నీళ్లు పట్టాయి, లోపల కెమెరా పొడిగా ఉంది. గంటన్నర దాకా కవర్ విప్పలేదు. అక్కడ కూడా ఇంతే చేయాలి. బయట చలిలో ఉండగానే కవర్ మూసేయాలి, మెమరీ కార్డు ముందే తీసి జేబులో వేసుకోవాలి. కార్డు చేతిలో ఉంటే కెమెరా తెరవాలన్న తొందర ఉండదు.

బ్యాటరీ కూడా చూశాను. ఫుల్ చార్జ్ చేసి ఫ్రీజర్‌లో పెట్టినది కాసేపు ఫొటోలు తీయగానే ఎర్ర గుర్తు చూపించింది. అరచేతుల్లో పట్టుకుని వెచ్చబరిచాక మళ్లీ పనిచేసింది. చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అంతే కానీ చార్జ్ ఎక్కడికీ పోదు. కాబట్టి స్పేర్ బ్యాటరీలు స్వెటర్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. చల్లగా ఉన్నదాన్ని చార్జర్‌కు పెట్టకూడదు. సున్నా కంటే తక్కువలో చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

మధ్యాహ్నం తెలిసినాయన జిన్నింగ్ మిల్లుకు పోయాను. ఆవరణ నిండా పత్తి కుప్పలు, ఎండకు కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నాయి. కెమెరాను దాని లెక్కకు వదిలేస్తే పత్తి బూడిదరంగులో వచ్చింది. మంచును కూడా అది ఇలాగే చూస్తుంది, తెలుపును మసక తెలుపు చేసేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుగు, ఒక స్టాప్ పెంచితే కొంచెం మెరుగు, ఒకటిన్నర దగ్గర పత్తి పత్తిలా కనిపించింది. మంచు లేని ఊళ్లో మంచుకు ఇంత మంచి సాధన దొరుకుతుందనుకోలేదు. చాలా సంతోషమేసింది.

రాత్రి బ్యాగ్ సర్దుతుంటే అమ్మ నాయిన గొంగడి తెచ్చి పైన పెట్టింది. బరువని వద్దనబోయి ఆగాను. గదిలోకి వచ్చాక కెమెరా బ్యాగ్ మీద ఇది కప్పితే వేడి మెల్లగా ఎక్కుతుంది. రెండు స్వెటర్లు తీసేసి గొంగడికి చోటు చేశాను.

రేపు గడియారం సెంటర్‌కు పోయి ఏసీ పైపులకు చుట్టే నల్ల స్పాంజి తేవాలి, ట్రైపాడ్ కాళ్లకు చుడితే చల్లటి లోహం చేతికి తగలదు.