ఇంజన్ పోలేదు, ఆయిలు ఎక్కువైంది

నిన్న సాయంత్రం ఆరున్నరకు నా బండి మళ్లీ రోడ్డెక్కింది. చేతులకు డీజిలు వాసన ఇంకా వదల్లేదు. పదమూడు రోజుల తిప్పలు వేడి చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంకో వారం పోతే నా తప్పును నేనే సగానికి తగ్గించి చెప్పుకుంటానని నాకు తెలుసు.

నాది 200 సీసీ మట్టిదారి బండి. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. నీళ్ల రేడియేటర్ లేదు. గాలి, ఆయిలు, ముందు వైపు అరచేయంత ఆయిల్ కూలరు, వీటితోనే ఇంజన్ చల్లబడాలి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో బండి తప్పు రవ్వంత కూడా లేదు.

ఈ తిప్పలకు ముందు సర్వీసింగు మామూలుగానే అయింది. కొత్త ఫిల్టరు వేసి లీటరు ఆయిలు పోశారు, బిల్లులోనూ అంతే ఉంది.

ఆ వారాంతంలో పాడేరు వెళదామనుకున్నాం. ముందురోజు రాత్రి కూరగాయలు తెచ్చి, ఇంటి ముందు సైడ్ స్టాండు వేసి, ఇంజన్ ఆపీ ఆపగానే ఆయిల్ స్టిక్కు, అంటే ఆయిలు ఎంతుందో చూసే గీతల పుల్ల, తీసి చూశాను. కింది గీతకు కూడా ఆయిలు అంటలేదు. సర్వీసింగు వాళ్లు నొక్కేశారని అక్కడికక్కడే తీర్పు ఇచ్చేశాను. ఇంట్లో అదే రకం ఆయిలు సీసా ఉంది, పైన జాసో ఎంఏ2 అని, అంటే తడి క్లచ్ బండ్లకు సరిపడే ఆయిలన్న గుర్తు కూడా ఉంది. కారు ఆయిలు పోస్తే తడి క్లచ్ జారుతుందని తెలిసినంత జ్ఞానం నాకుంది మరి! 200 మిల్లీలీటర్లు పోశాను. తెల్లవారుజామున మళ్లీ అలాగే సైడ్ స్టాండు మీదే చూస్తే గీతల మధ్యకు వచ్చింది. పై గీత దాకా ఉంటే కొండకు భరోసా అనుకుని ఇంకో 150 పోశాను. పప్పులో నెయ్యి ఎక్కువైందని ఎవరైనా గొడవపడతారా అన్న ధోరణి. పైగా తోడు వచ్చిన ఇద్దరు మిత్రులకు, ఆయిలు చూసుకోకుండా కొండెక్కేవాడు బండికి శత్రువని పాఠం కూడా చెప్పాను.

ఘాట్ రోడ్డు హాయిగా సాగింది. గాలి తగులుతున్నంతసేపు ఏ ఇంజనైనా బుద్ధిగానే ఉంటుంది. పాడేరు దాటి మట్టిదారిలోకి దిగాక, కాఫీ తోటల మధ్య ఎత్తుకు ఎక్కేటప్పుడు మొదలైంది. మొదటి గేరు, నడక వేగం, చెయ్యి సగం నొక్కిన క్లచ్ మీద. మోకాళ్లకు సెగ కొట్టసాగింది. క్లచ్ లీవరు వదులైంది, న్యూట్రల్ పడటం మానేసింది. ఆగి చూస్తే ఎడమ బూటు మీద నల్లటి చార. చైనును తిప్పే పళ్ల చక్రం, అదే ముందు స్ప్రాకెట్, దాని మూత కింద నుంచి ఆయిలు బొట్లు బొట్లుగా చైను మీదికి, అక్కడి నుంచి వెనక టైరు అంచుకు చేరుతోంది. స్టార్టు చేస్తే సైలెన్సరు నుంచి నీలం పొగ. చుట్టూ వలిసె పూలు పచ్చగా విరబూసి ఉన్నాయి. ఒక్క ఫొటో తీయలేదు. దిగేటప్పుడు ఎక్కువ దూరం ఇంజన్ ఆపి దొర్లించుకుంటూ వచ్చాను. టైరు అంచుకు ఆయిలున్న బండితో మలుపు తిరగడం ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు.

సోమవారం పొద్దున్నే నగరంలోని సర్వీసింగు కేంద్రానికి తీసుకెళ్లాను. ఏసీ గది, అద్దాల గోడ, అవతల మన బండిని విప్పుతుంటే ఇవతల మనం కాఫీ తాగుతూ చూడవచ్చు. ఆసుపత్రిలో కూడా ఇంత పారదర్శకత ఉండదు. గంటన్నర తర్వాత సూపర్‌వైజరు లోపలికి పిలిచాడు. ఎయిర్ ఫిల్టరు చేతిలో పట్టుకుని ఉన్నాడు. నూనెలో నానిన గారెలా దాని అంచు నుంచి ఆయిలు కారుతోంది. ఫిల్టరు పెట్టె కింద ఉండే చిన్న గొట్టంలో పాలు ఎక్కువైన టీ రంగులో ఏదో నిలిచి ఉంది. పక్కనున్న కుర్రాడు దాన్ని చూసి, "కూలెంటు కలిసినట్టుంది సార్" అన్నాడు. రేడియేటర్లో పోసే కూలెంటే లేని బండిలో! నేను నవ్వాను. అది సూపర్‌వైజరుకు నచ్చలేదు.

వంగి, వెనక మడ్‌గార్డు లోపలి నుంచి ఎర్రమట్టి పెళ్ల ఒకటి పీకి నా ముందు బల్ల మీద పెట్టాడు. "ఇదేమిటి సార్?" అన్నాడు.

"మట్టి."

"అడవుల్లో దూకించారు కదా?"

మట్టిదారి కోసమే అమ్మిన బండి మీద మట్టి ఉండటం నేరమైంది. అప్పటికి స్కూటర్ల కోసం వచ్చిన నలుగురైదుగురు మమ్మల్నే చూస్తున్నారు. ఒక పెద్దాయన, "ఈకాలం కుర్రాళ్లు బండ్లను బతకనివ్వరు" అని తలాడించాడు. నా వయసు నలభై ఒకటి.

"బోరు పోయింది. రింగులు పోయాయి. నీలం పొగ చూశారుగా! ఇంజన్ విప్పాలి" అని 16,400 రూపాయల అంచనా కాగితం చేతిలో పెట్టాడు. పిస్టను, రింగులు, సిలిండరు, సీళ్లు, గ్యాస్కెట్లు, కూలి అన్నీ వేశాడు. వారంటీ ఉందిగా అంటే, దురుపయోగం చేశారు కాబట్టి వర్తించదన్నాడు. ఆ తర్వాత అడిగాడు: "మేం సర్వీసింగు చేసి పంపాక మీరేమైనా విప్పారా? ఏమైనా పోశారా?"

లేదన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. పోశానంటే వారంటీ దారి పూర్తిగా మూసుకుపోతుందని భయం కొంత, నలుగురిలో మళ్లీ దోషిగా నిలబడలేక కొంత. ఆయిలు పోయడం మంచి పనే కదా, చెప్పకపోతే ఏం పోయిందన్న మొండితనం ఇంకొంత. అయితే ఒక్కటి మాత్రం ఒప్పుకోను. నేను అబద్ధమాడాను సరే, వాళ్లకు కళ్లున్నాయి కదా! గంటన్నరలో అంతమంది చేతులు పడ్డ ఆ బండికి ఆయిల్ స్టిక్కు తీసి చూసినవాడు ఒక్కడూ లేడు. ఫిల్టరు విప్పారు, మడ్‌గార్డు గోకారు, మూడు ఫొటోలు తీశారు. పావు నిమిషం పట్టే ఆ పని మాత్రం చేయలేదు. దానికి పరిశీలన రుసుము 500, జీఎస్టీతో కలిపి 590. కట్టి, బండిని చిన్న లారీలో వేయించుకుని అనకాపల్లి తిరిగొచ్చాను. వారం రోజులు దానివైపు చూడలేదు.

చివరకు బెల్లం మార్కెట్టు దారిలో రేకుల షెడ్డులో పనిచేసే మేస్త్రిగారి దగ్గరకు తోసుకెళ్లాను. పాత రాజ్‌దూత్ బండ్ల కాలం నుంచి ఉన్న మనిషి. ఆయన ఇంజన్ స్టార్టు చేయలేదు, అంచనా కాగితం చదవలేదు. మొదటి మాటే, "ఆయిలెంత ఉంది బాబూ?"

"నిండుగా ఉందండీ, నేనే పోశాను." ఆయన దగ్గర అబద్ధం రాలేదు.

"కూర్చోబెట్టి చూశావా, నిలబెట్టి చూశావా?"

అర్థం కాలేదు. ఆయన కుర్రాడిని పిలిచి బండిని సైడ్ స్టాండు మీద నుంచి లేపి నిటారుగా పట్టుకోమన్నాడు. స్టిక్కు తుడిచి పెట్టి తీసి నా కళ్ల ముందు పెట్టాడు. పై గీత దాటి బొటనవేలంత ఎత్తున ఆయిలు ఉంది. చివర చిన్న చిన్న బుడగలు.

ఈ బండికి స్టిక్కు కుడివైపు ఉంటుంది. సైడ్ స్టాండు వేస్తే బండి ఎడమకు వాలుతుంది, ఆయిలు కూడా ఎడమకే పోతుంది. కుడివైపు ముంచిన స్టిక్కుకు తక్కువే కనిపిస్తుంది. దానికి తోడు నేను ఆపీ ఆపగానే చూశాను, అప్పటికి ఇంకా పైనా కూలరులోనూ ఉన్న ఆయిలు కిందికి దిగలేదు. సెంటర్ స్టాండు ఉన్న బండ్లు నడిపి అలవాటైనవాళ్లకు ఇది తట్టదు. మట్టిదారి బండ్లకు ఆ స్టాండు సాధారణంగా ఉండదు. రెండు తప్పులూ ఒకే వైపుకు నెట్టాయి నన్ను.

డ్రెయిన్ బోల్టు విప్పి కొలత గిన్నెలో పట్టాడు. లీటరు మీద 220 మిల్లీలీటర్లు వచ్చింది. గోడలకు అంటుకుని మిగిలింది, ఫిల్టరు తాగింది, కొండమీద కారింది లెక్కేస్తే నా 350 సరిగ్గా కనిపిస్తున్నాయి. గిన్నెలో పైన మజ్జిగ నురగలా ఒక పొర, చాలాసేపటికి గానీ అణగలేదు.

మేస్త్రి చేతిలో గిన్నె పట్టుకుని చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. లోపల పిస్టను తిప్పే ఇరుసు, అదే క్రాంకు, నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది. ఆయిలు దాని కింద, దానికి అందకుండా ఉండాలి. ఎక్కువ పోస్తే కవ్వంలా చిలుకుతుంది. చిలకడానికి పోయిన బలమంతా ఆయిల్లో వేడిగా దిగుతుంది. నురగలో గాలే ఎక్కువ, పంపు దాన్నే తోడి పైకి పంపుతుంది. గాలి వేడిని మోసుకుపోలేదు, లోహాల మధ్య పొరగా నిలవదు. తడి క్లచ్ కూడా ఈ ఆయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు నేను క్లచ్ జార్చిన వేడి కూడా దానికే చేరింది. ఇక లోపల ఖాళీ తగ్గి ఒత్తిడి పెరిగితే, ఆయిలు బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఒత్తిడిని వదిలే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టరు పెట్టెలోకి, అక్కడి నుంచి సిలిండరులోకి పోయి కాలుతుంది. రింగులు పోయాయన్న నీలం పొగ అదే. మిగిలింది ఎక్కడ సీలు మెత్తగా దొరికితే అక్కడ బయటికొస్తుంది.

మరి తక్కువుంటే అని అడిగాను. అదీ వేడేనన్నాడు. ఉన్న కాస్త ఆయిలే చల్లబడే తీరిక లేకుండా తిరుగుతుంది, నిట్టనిలువు ఎత్తులో అది వెనక్కి పోతే పంపు నోటికి గాలి తగులుతుంది. అలా పట్టేసిన ఇంజన్లు ఆయన షెడ్డు వెనక రెండున్నాయి. నేను ఆ భయంతోనే కదా పోసింది!

ఆ తర్వాతి పని తేలిక. పాత ఆయిలు పారబోసి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేసి, ఫిల్టరు మార్చి, కొలిచి లీటరు పోశాడు. కారిన చోటంతా డీజిలుతో కడిగి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ముప్పై కిలోమీటర్లు తిప్పుకు రమ్మన్నాడు. పొగ రాలేదు, సెగ లేదు. క్లచ్ కవరు జాయింటు దగ్గర పౌడరు తెల్లగానే ఉంది. ముందు స్ప్రాకెట్ వెనక మాత్రం సన్నటి తడి గీత. ఆ సీలు పెదవి దెబ్బతింది. ఆ ఒక్క సీలు మార్చాడు. ఆయిలు, ఫిల్టరు, సీలు, కూలి అన్నీ కలిపి 1,450 రూపాయలు.

ఇలాంటి బండి ఉన్నవాళ్లు చేయాల్సింది ఇదీ. మూడు నిమిషాలు స్టార్టులో ఉంచి, ఆపి, ఇంకో మూడు నిమిషాలు ఆగి, చదునైన చోట ఎవరితోనైనా నిటారుగా పట్టించి చూడండి. స్టిక్కును బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, పుస్తకంలో ఉంటుంది. నా పుస్తకం సీటు కింద ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది. ఇక ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాళ్లను, అంచనా కాగితం రాసే ముందు స్టిక్కు మీ ఎదురుగా తీసి చూపించమనండి. మొహమాటపడకండి.

ఆ 590 అడగడానికి ఈ ఉదయం ఫోను చేశాను. సూపర్‌వైజరే ఎత్తాడు. ఆయిలు ఎక్కువైందని, అది పోసింది నేనేనని చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి ఆ రోజు లేదన్నారు కదా సార్" అన్నాడు. "మీరు చూడలేదు కదా" అన్నాను. డబ్బులు ఇవ్వనన్నాడు. పెట్టేసి బయటికొచ్చి బండి దగ్గర నిలబడితే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "పట్టుకోమంటారా?" అంది. నిటారుగా పట్టుకుంది. ఆయిలు రెండు గీతల మధ్య ఉంది. పౌడరు తెల్లగా ఉంది.