మ్యూనిక్ మెట్రో ఆఖరి స్టేషన్లో వజ్రపు కిటికీ

మ్యూనిక్‌లో హోటల్ రేట్లు చూస్తే కడుపు మండుతుంది, స్టేషన్ దగ్గర ఒక శాండ్‌విచ్‌కే ఎనిమిది యూరోలు లాగారు. నగరం నడిబొడ్డునున్న మరియన్‌ప్లాట్జ్ కూడలి గురించి అందరూ రాసేశారు కాబట్టి నేను రాయను. యూ6 మెట్రో లైను ఎక్కి చివరిదాకా వెళ్తే గార్హింగ్ పరిశోధనా కేంద్రం వస్తుంది, అక్కడి మాక్స్ ప్లాంక్ ప్లాస్మా ఫిజిక్స్ సంస్థలో 1991 నుంచి నడుస్తున్న ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ అనే ఫ్యూజన్ (అణువుల కేంద్రకాలను కలిపే) యంత్రం చూడటానికే నా ప్రయాణం.

బయట వాన, నాకేమో చిరాకు. మా సందర్శకుల గుంపుతో వచ్చిన పరిశోధక విద్యార్థి జైరోట్రాన్ల సంగతి ఎత్తగానే ఆ చిరాకంతా పోయింది. ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి వాయువును, ఇంకా వేడెక్కించే మైక్రోవేవ్ గొట్టాలవి, ఒక్కోటి దాదాపు మెగావాట్ ఇస్తుంది. 2.5 టెస్లా అయస్కాంత క్షేత్రంలో 140 గిగాహెర్ట్జ్ తరంగాన్ని ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లు పట్టుకుంటాయి. క్షేత్రం తగ్గిస్తే వేడి తగిలే చోటు మధ్య నుంచి పక్కకు జరిగిపోతుంది, అందుకని ఫ్రీక్వెన్సీ కూడా మార్చాలి.

"మరి మార్చండి" అన్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో ముల్లు తిప్పి విజయవాడ కేంద్రం పట్టుకున్నట్టే అనుకున్నా. ఆయన నవ్వి, గొట్టానికున్న అయస్కాంత క్షేత్రాన్ని మారిస్తే వేరే ఫ్రీక్వెన్సీ పుట్టించవచ్చు, కానీ ఆ శక్తి బయటికి రావాలి కదా అన్నాడు. గొట్టం లోపలి వాక్యూమ్ (గాలి లేని స్థితి) పోకుండా తరంగం బయటపడే కిటికీ 1.8 మిల్లీమీటర్ల కృత్రిమ వజ్రపు బిళ్ల. రాగి కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టే వజ్రం. ఆ మందంలో 140 దగ్గర సరిగ్గా నాలుగు అర తరంగాలు, 105 దగ్గర మూడు పడతాయి, అప్పుడే తరంగం వెనక్కి ప్రతిఫలించకుండా దాటుతుంది. మధ్యలో ఇంకో ఫ్రీక్వెన్సీ పెడితే కొంత శక్తి వెనక్కి తిరిగి గొట్టంమీదే పడుతుంది. ఇంత పెద్ద యంత్రానికి ఏ ఫ్రీక్వెన్సీ వాడాలో ఆ పల్చటి బిళ్ల నిర్ణయిస్తోందంటే నాకు నిజంగా ఆశ్చర్యమేసింది!

దానికీ దారి వెతికారు. జర్మనీలోనే ఉన్న కార్ల్స్‌రూహే నగరంలోని పరిశోధకులు బిళ్లను దాదాపు 67 డిగ్రీలు వంచి పెట్టారట, ఆ కోణంలో చాలా ఫ్రీక్వెన్సీలు ప్రతిఫలించకుండా పోతాయి. కాకపోతే వంచితే ఇంకా పెద్ద వజ్రం కావాలి, పెద్ద వజ్రాన్ని పెంచడం కష్టం, ఖర్చు. మిగతావాళ్లు టోకమాక్ (ఆ ఫ్యూజన్ యంత్రం) దగ్గర ఫోటోలు దిగుతుంటే నేను ఆయన్ని వదల్లేదు, కార్ల్స్‌రూహేలో సందర్శకులను రానిస్తారా అని కూడా అడిగేశాను.