సైకిలు ఓవరాయిలింగ్: విప్పిన సామాను కలవకుండా, మారిస్తే అనుమానం రాకుండా

ఓవరాయిలింగ్‌కి (మొత్తం విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించడానికి) వచ్చిన సైకిల్ని, తెచ్చినాయన ఎదురుగానే స్టాండు వేసి వెనక చక్రం తిప్పుతాను. గరగరమంటే ఫ్రేము మీద చెయ్యి పెట్టి చూడమంటాను. బెల్లు, తాళం, డైనమో ఏవేవి ఉన్నాయో, ఏ పని చేస్తానో, ఎంతవుతుందో చీటీ మీద రాస్తాను. ఖర్చు అంతకు మించేలా ఉంటే ఫోన్ చేసి అడిగాకే ముందుకు వెళ్తాను.

విప్పిన సామాను వేయడానికి ఒక సైకిలుకి ఒకటే పళ్ళెం. వెనక ఇరుసుకి ఎడమవైపు కోను (ఇరుసు మీద బిగించే, ఉక్కు గుళ్ళు ఆనుకుని దొర్లే ఏటవాలు నట్టు) మాత్రమే విప్పుతాను. కుడి కోను కూడా కదిలిస్తే, బిగించేటప్పుడు ఇరుసు ఒకవైపు ఎక్కువ పొడుచుకొచ్చి రెండోవైపు నట్టుకి మర చాలదు. తీసిన నట్టు, వాషరు, కోను అదే వరసలో పాత చువ్వకి గుచ్చేస్తాను.

ఎక్కువ తేడా వచ్చేది బాల్స్ (చక్రం తేలిగ్గా తిరగడానికి వేసే ఉక్కు గుళ్ళు) దగ్గర. మామూలు రోడ్‌స్టర్ సైకిళ్ళలో వెనక హబ్బుకి (చక్రం మధ్యలో ఇరుసు దూరే గొట్టానికి) ఒక్కో పక్క పావు అంగుళంవి 9, ముందు హబ్బుకి ఒక్కో పక్క 3/16 అంగుళంవి 10. విప్పగానే లెక్కపెట్టాలి, ముందు బాగుచేసినవాళ్ళు తక్కువ వేసి ఉండొచ్చు. 9 వేశాక కాస్త సందు మిగులుతుంది. అందులో పదోది ఇరికిస్తే బాల్స్ ఒకదాన్నొకటి రాసుకుని చక్రం పట్టేస్తుంది. అరిగినవాటిలో రెండు కొత్తవి కలపడం ఇంకా చెడ్డపని: కొత్తవి వెంట్రుకవాసి పెద్దవి కాబట్టి బరువంతా వాటిమీదే పడి కోను గుంటలు పడుతుంది. మారిస్తే సెట్టు మొత్తం మార్చాలి.

పెడల్ కాడని (క్రాంకుని) ఇరుసుకి పట్టి ఉంచేది కాటర్ పిన్ను. దాని నట్టు పూర్తిగా తీసేసి కొడితే మర చితికిపోతుంది. నట్టు పిన్ను కొసతో సమంగా వచ్చేదాకా వదులు చేసి కొట్టాలి. కుడి, ఎడమ పిన్నులు వేరువేరు డబ్బా మూతల్లో ఉంచుతాను. బిగించేటప్పుడు ఒకటి పైనుంచి దూరిస్తే రెండోది కిందినుంచి దూర్చాలి, లేకపోతే క్రాంకులు ఒకే గీతలో నిలబడవు.

చైను మార్చాలంటే స్కేలు ఆయన చేతికే ఇస్తాను. కొత్త చైనుకి మొదటి పిన్ను నుంచి 25వ పిన్నుకి సరిగ్గా 12 అంగుళాలు. 1/8 అంగుళం సాగితే మార్చాల్సిందే. ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే, చైను తిప్పే పళ్ళ చక్రం) పళ్ళు కూడా అరిగి ఉంటే కొత్త చైను వాటిమీద ఎగిరిపడుతుందని ముందే చెప్తాను.

తీసేసిన పాత సామానంతా కవర్లో వేసి తిరిగి ఇస్తాను. పాత కోను మీద గోరు పెట్టి గీయమంటే గుంట ఆయనకే తగులుతుంది.

రెండు రోజులు తొక్కి మళ్ళీ రమ్మంటాను. కొత్త కాటర్ పిన్ను సర్దుకున్నాక నట్టు కొంచెం వదులవుతుంది, ఆ బిగింపుకి డబ్బు తీసుకోను.