గ్లాస్గోలో ఊగే ఫ్లోర్ మీద మొగ్వాయ్ షో

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరాకి ఆఫీస్ పని మీద వెళ్ళినవాళ్ళు ఎవరైనా వీకెండ్ వస్తే కోట చూసి, కొండెక్కి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. నేను మాత్రం శనివారం మధ్యాహ్నం గ్లాస్గో ట్రైన్ ఎక్కేశా, ఎందుకంటే మొగ్వాయ్ అనే రాక్ బ్యాండ్ పెట్టి ఇరవై ఏళ్ళయిందని 2015 జూన్‌లో సొంతూళ్ళో, అదీ బారోలాండ్ బాల్‌రూమ్ అనే పాత డాన్స్ హాల్లో వాయిస్తున్నారు, ఇలాంటిది మళ్ళీ తగలదు. గంటలోపే ప్రయాణం. స్ట్రాత్‌క్లైడ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మా పిన్ని కొడుకు క్వీన్ స్ట్రీట్ స్టేషన్లో నాకోసం ఎదురుచూస్తున్నాడు. వాడికి ఈ రాకూ గీకూ ఏమీ పట్టదు, "అన్నా, వీళ్ళసలు పాడరంట కదా, అంత డబ్బు పోసి పాడనోళ్ళని చూడ్డమేంటి" అని దారంతా ఒకటే సతాయింపు.

వాడన్నదాంట్లో అబద్ధమేం లేదు. 1995లో గ్లాస్గో కుర్రాళ్ళు మొదలెట్టిన బ్యాండ్ ఇది, గిటార్లు, బేస్, డ్రమ్స్, కీబోర్డ్, గొంతు వినపడేది చాలా తక్కువ. పాట మెల్లగా మొదలై, అలా సాగీ సాగీ, ఇంక ఇంతేలే అనుకునేసరికి మీద పడిపోద్ది. తర్వాత 2021లో వీళ్ళ ఆల్బమ్ ఏకంగా యూకే చార్ట్‌లో నంబర్ వన్ అయింది, రేడియోలో వేసుకునే టైపు పాటలు కాకపోయినా.

ఆర్గైల్ స్ట్రీట్, ట్రాన్‌గేట్ దాటి గాలోగేట్ దాకా నడిచే వెళ్ళాం. అక్కడ బారాస్ అని వీకెండ్ సంత, పాత రేడియోలు, జాకెట్లు, చిల్లర సామాను, మేం వెళ్ళేసరికి అన్నీ సర్దేస్తున్నారు. ఆ సంత మధ్యలోనే బారోలాండ్, ముఖం నిండా పెద్ద నియాన్ బోర్డు. జూన్ కదా, రాత్రి పదింటి దాకా వెలుతురు పోదు, అందుకని ఆ లైట్లన్నీ కాస్త వెలిసిపోయినట్టు కనపడ్డాయి.

ఈ హాల్ కథ నాకు భలే నచ్చింది. మ్యాగీ మెకైవర్ అని, ఆ సంత నడిపిన ఆవిడ, ఏటా క్రిస్మస్‌కి అక్కడి చిల్లర వ్యాపారులకి పార్టీ ఇచ్చేదట, ఒక ఏడు హాల్ వేరేవాళ్ళు బుక్ చేసేసుకుంటే, ఛీ నేనే ఒకటి కట్టుకుంటా అనుకుందని అక్కడ చెప్పుకుంటారు. 1934లో తెరిచారు. 1958లో కాలిపోతే మళ్ళీ కట్టి 1960లో మొదలెట్టారు. కట్టింది జంటలు డాన్స్ చేసుకోడానికి, రాక్ షోలు ఎనభైల్లో వచ్చాయి, కాబట్టి ఫ్లోర్ డాన్స్ కోసం వేసిందే, బరువు పడితే కిందకి దిగి మళ్ళీ పైకి లేచే చెక్క ఫ్లోర్. అసలు విషయం మొత్తం ఈ ఫ్లోర్‌లోనే ఉంది.

మెట్లెక్కి పైకి వెళ్తే పొడవాటి హాలు, కమాను లాంటి పైకప్పు, దాదాపు 1900 మంది పడతారు, అందరూ నిలబడే. మన హైదరాబాద్‌లో పెద్ద షో అంటే సిల్వరు, గోల్డు, ఫ్యాన్ పిట్ అని ముక్కలు చేసి, చివర్లో నిలబడ్డవాడికి ఎల్‌ఈడీ స్క్రీన్ మాత్రమే మిగులుస్తారు కదా, ఇక్కడ అందరికీ ఒకటే టికెట్, ముందొస్తే ముందు. మా పక్కన అరవై దాటిన ఒక జంట, ముందు కాలేజీ పిల్లలు.

షో మొదలయ్యాక మొదటి అరగంట మామూలుగానే ఉంది. సౌండ్ పెరిగి జనం ఎగరడం మొదలెట్టగానే నేను కదలకుండా నిలబడ్డా సరే కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి, చిన్నప్పుడు నవారు మంచం మీద ఇంకోడు గెంతుతుంటే మనం కూర్చున్నచోటే ఎగిరేవాళ్ళం చూడండి, అచ్చం అలా. బేస్ చెవుల్లోంచి కాదు, అరికాళ్ళలోంచి ఎక్కుతోంది. మావాడు ఇయర్‌ప్లగ్స్ తెచ్చాడు కాబట్టి సరిపోయింది, వీళ్ళ సౌండ్ ఉత్తి చెవులతో తట్టుకునేది కాదు. మధ్యలో ఒకచోట మొత్తం తగ్గించేసి ఒక్క గిటార్ మాత్రం చిన్నగా మీటుతుంటే అంతమందిలోనూ ఎవరి కాలికిందో ప్లాస్టిక్ గ్లాసు నలిగిన చప్పుడు వినపడింది, ఒకాయన వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాడు కూడా. అది అయిందో లేదో నాలుగువైపులా తెల్లలైట్లు, అన్నీ ఒక్కసారే. ఆ దెబ్బకి మా పక్కనున్న పెద్దాయన భార్య భుజం పట్టుకుని పగలబడి నవ్వుతున్నాడు. బ్యాండ్ వాళ్ళు పాటకీ పాటకీ మధ్య ఒక థ్యాంక్స్ చెప్పి ఊరుకుంటున్నారు, చేతులెత్తమనడం, అరవమనడం ఏం లేవు, నాకైతే అదే హాయిగా అనిపించింది.

బయటికొచ్చాక మావాణ్ణి ఎలా ఉందిరా అంటే "పాటల సంగతేమో గానీ ఫ్లోర్ మాత్రం సూపరన్నా" అన్నాడు. ఆ మాట నేనూ ఒప్పుకుంటా, అదే బ్యాండ్‌ని కాంక్రీట్ స్టేడియంలో చూస్తే ఇందులో సగం కూడా ఉండదు. ఆకలేసి ఒక టేకవేలో దూరితే అక్కడ పకోడీ, గ్లాస్గోలో అది లోకల్ తిండి అయిపోయింది, బజ్జీలంత సైజులో, పక్కన గులాబీ రంగు సాస్. పకోడీ బానే ఉంది, ఆ సాస్ మాత్రం మనవల్ల కాదు, మావాడు నా వాటా కూడా నాకేశాడు. ఎడిన్‌బరా ఆఖరి ట్రైన్‌కి ఇద్దరం పరిగెత్తాల్సొచ్చింది.